అవ్వగుండు మీద తెల్ల డబ్బా

శామీర్‌పేట చెరువులో అవ్వగుండు ఎక్కడుందో గట్టు మీద నిలబడి చూసేవాళ్ళకు తెలియదు. చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్ళకు నాలుగు మూరల కింద, ఎండలు ముదిరితే రెండు మూరల కింద, వీపు వంచుకుని కూర్చున్న ముసలమ్మలా ఆ రాయి ఉంటుంది. దాని మీదికి వల పోయిందంటే పీలికలుగానే తిరిగొస్తుంది. "అవ్వ పట్టుకున్నది" అని తిట్టుకుంటూనే నవ్వుతారు చేపలు పట్టేవాళ్ళు. అందుకే ఆ రాయికి నైలాన్ తాడు బిగించి, తాడు చివర తెల్లటి నూనె డబ్బా ఒకటి తేలేస్తారు. ఆఖరుసారి ఎవరి వల చిరిగిందో డబ్బా బాధ్యత వాళ్ళది. పగిలితే కొత్తది తేవాలి, తాడు చివికితే మార్చాలి. ఇంకొకరి వల చిరిగేదాకా దాన్ని వేరేవాళ్ళు ముట్టుకోరు. దీనికి కాగితమూ లేదు, చేపలవాళ్ళ సొసైటీ తీర్మానమూ లేదు. మూడేళ్ళుగా ఆ డబ్బా యాదయ్యది. అసలు మాట చెప్పాలంటే అతని భార్య శివమ్మది. సొసైటీలో పేరు యాదయ్యదే అయినా వాళ్ళ గుండ్రటి పడవను, పుట్టిని, నడిపేదీ, తాళ్ళు ముడేసేదీ, చిరిగిన వల కుట్టేదీ ఆమే.

ఆ బుధవారం మధ్యాహ్నం ఆ డబ్బా సినిమావాళ్ళకు అడ్డమొచ్చింది.

'ఏజెంట్ మార్తాండ్' ఆరో భాగమది. ఇరవై ఏళ్ళలో అయిదు భాగాలు వచ్చాయి. గూఢచారి మార్తాండ్ ప్రతి భాగంలోనూ ఒకసారి చచ్చి బతుకుతాడు. అయిదో భాగం చివర విమానంలోంచి పడిపోయినవాడు ఏమయ్యాడోనని మేడ్చల్ కుర్రాళ్ళు మూడేళ్ళుగా వాదులాడుకుంటున్నారు. ఏమయ్యాడంటే, శామీర్‌పేటకొచ్చాడు. చెరువు పక్కన ప్రతాప్ రెడ్డి ఫామ్‌హౌస్ శత్రువుల స్థావరమైంది. గట్టు నుంచి నీళ్ళలోకి చెక్కలతో ఏటవాలు దారి కట్టారు. మార్తాండ్ మోటారు సైకిల్ మీద దాని మీంచి ఎగిరి చెరువులో దూకాలి. హీరో బదులు దూకేది వంశీ, కౌకూర్ పిల్లవాడు. ఎవరైనా మునిగితే తీయడానికి యాదయ్య పుట్టిని నెల రోజులకు మాట్లాడుకున్నారు. సొసైటీలో ఇంకో నలుగురికీ పని దొరికింది.

పొద్దున మొదటి దూకుడుకు ముందు వంశీ పుట్టి దగ్గరికి వచ్చి నీళ్ళలో చెయ్యి పెట్టి చూశాడు.

"అమ్మా, నీళ్ళు సల్లగున్నయి గద!"

"దూకినంక ఎచ్చగనే ఉంటయ్ బిడ్డా. తిన్నవా ఏమన్న?"

తినలేదన్నాడు. దూకే రోజు కడుపు ఖాళీగా ఉంచుకుంటాడట. శివమ్మ ఎండు రొయ్యల పొడి చల్లిన జొన్నరొట్టె సగం తుంచి ఇచ్చింది. సాయంత్రం తింటానని కాగితంలో చుట్టి, పుట్టి అంచున తెడ్డు కింద పెట్టుకున్నాడు. పొద్దున దూకుడు బాగా వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు.

మధ్యాహ్నానికి ఎండ పక్కకు తిరిగింది. కెమెరా చోటు మార్చారు, కెమెరాతో పాటు ఏటవాలు దారినీ ఎడమకు పదిహేను బారలు జరిపారు. అప్పుడు డబ్బా కంటపడింది. అసిస్టెంట్ డైరెక్టర్ విశ్వతేజ మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి వచ్చాడు. కొంపల్లి నుంచి రోజూ బైకు మీద వచ్చే పిల్లవాడు, అందరూ కసురుకునేది అతన్నే.

"ఆంటీ, ఆ తెల్ల డబ్బా ఫ్రేములో పడుతోంది. కొంచెం తీసేస్తారా?"

"గది తీసేది కాదు బిడ్డా. దాని కింద గుండున్నది."

"పది నిమిషాలే ఆంటీ. షాటవగానే మళ్ళీ కట్టేయండి."

"మరి దూకేటోనికి జెప్పు. గీ దిక్కు రాయున్నది, గీడికి రావొద్దని చెప్పు. యాది మరువకు."

"చెప్తా ఆంటీ."

చేతిలో ఉన్న వాకీటాకీని నోటి దగ్గర పెట్టుకుని, "సార్, ఇక్కడ కింద బండ ఉందంట" అన్నాడు. అవతలి నుంచి గరగరమని ఏదో జవాబు వచ్చింది. విశ్వతేజ తలూపాడు. శివమ్మ ఆ తలూపడం చూసి తాడు విప్పింది. పుట్టిని గుండు పక్కనే నిలుపుకుంటే ఆ పది నిమిషాలూ డబ్బా పని తామే చేస్తామనుకుంది. ఆమె లెక్క తప్పని ఎవరంటారు? కానీ తాడు చుట్టి డబ్బాను కాళ్ళ దగ్గర పెట్టుకుందో లేదో, మైకులో కేక వినిపించింది.

"ఆ పుట్టి ఎవరిదయ్యా! బయటికి, బయటికి! లైటు పోతోంది!"

యాదయ్య భార్య మొహం చూశాడు. "పోదాం పా, ఒర్రుతున్నరు" అన్నాడు. శివమ్మ తెడ్డు వేసింది. తుమ్మ చెట్టు చాటుకు చేరేసరికి గట్టు మీద ఎర్ర జెండా పైకి లేచి ఉంది. అది దిగితేనే దూకాలి. ఆమె కళ్ళు జెండా మీదే ఉన్నాయి. జెండా దిగింది. ఆ తరువాతే బండి కదిలింది. చెక్కల మీద దడదడమని వచ్చి, గాలిలోకి లేచి, డబ్బా ఉండాల్సిన చోటే పడింది.

చప్పుడు వేరేగా ఉంది. నీళ్ళలో బండి పడిన చప్పుడు పొద్దున విన్నారు, ఇది అది కాదు.

యాదయ్య అంగీ కూడా విప్పకుండా దూకాడు. శివమ్మ నాలుగు తెడ్లలో చేరుకుంది. మొగుడు మొదట వంశీ తలను నీళ్ళ పైకి తెచ్చాడు, తరువాత భుజాలు. ఇద్దరూ కలిసి వంశీని పుట్టిలోకి లాగారు. అతని తల శివమ్మ ఒడిలో ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాడు.

"అమ్మా, నా కాళ్ళున్నయా? జర సూడు."

ఆమె చూసింది. రెండు కాళ్ళూ ఉన్నాయి, ఒక బూటు పోయింది. "ఉన్నయ్ బిడ్డా, రెండూ ఉన్నయ్" అంది. వాటి మీద చెయ్యేసి నొక్కింది. తాను నొక్కుతున్నట్టు అతనికి తెలియడం లేదని ఆమెకు అప్పుడే అర్థమైంది. రొట్టె పొట్లం నీళ్ళలో నానిపోయి కాళ్ళ దగ్గర తేలుతోంది.

*

మర్నాడు పొద్దున్నే ప్రతాప్ రెడ్డి ఫామ్‌హౌస్ నుంచి కబురొచ్చింది.

చెరువు నుంచి రోడ్డెక్కాలంటే దగ్గరి తొవ్వ ప్రతాప్ పొలంలోంచే. అతని తండ్రి కాలం నుంచి చేపల బుట్టలు అటే పోతాయి. అది కాదంటే గట్టు చుట్టూ రెండు కిలోమీటర్లు మోయాలి. అడ్డం చెప్పిన రోజు లేదు, అలాగని రాసిచ్చిన రోజూ లేదు. ఆ సంగతి ప్రతాప్ ఎప్పుడూ నోటితో అనడు. అనాల్సిన అవసరం అతనికి రాలేదు.

వరండాలో సినిమా కంపెనీ మేనేజరు కాగితంతో కూర్చుని ఉన్నాడు. ప్రతాప్ కుర్చీ చూపించాడు. యాదయ్య కూర్చోలేదు, మెట్టు మీద గొంతుక్కూర్చున్నాడు. శివమ్మ స్తంభం పక్కన నిలబడింది.

మేనేజరు చదివాడు. చెరువులో బండ ఉన్నట్టు కంపెనీకి ఎవరూ చెప్పలేదు. అక్కడ ఎలాంటి గుర్తూ లేదు. దూకినవాడు జెండా దిగకముందే తొందరపడి దూకాడు. ఇది కళ్ళారా చూసిన యాదయ్య ఇస్తున్న వాంగ్మూలం.

"గట్ల కాదు పటేలా" అన్నాడు యాదయ్య. "జెండా దిగినంకనే దూకిండు. డబ్బా..."

"డబ్బా ఎవలు ఇప్పిన్రు యాదయ్యా?" ప్రతాప్ గొంతు పెంచలేదు. "నీ పెండ్లామే గద. నేను నీ మంచికే చెప్తున్న. డబ్బా మాట బయటికొస్తే కేసు మొదాలు ఎవలి మీదికొస్తది? గుర్తు తీసేసినోళ్ళ మీదికి. పోలీసోళ్ళు సినిమావోళ్ళను పట్టుకుంటరా, శివమ్మను పట్టుకుంటరా? నువ్వే ఆలోచించు."

యాదయ్య భార్య వైపు తిరిగాడు. పెళ్ళయి ఇరవై ఎనిమిదేళ్ళలో అతను అంతగా భయపడటం ఆమె చూడలేదు. అవ్వగుండు కింద చిక్కిన వలను విడిపించడానికి చీకటి నీళ్ళలో మునిగినప్పుడు కూడా అతని మొహం ఇలా లేదు.

"షూటింగ్ ఆగితే మీ సొసైటీవోళ్ళ పని గూడ పాయె" అన్నాడు ప్రతాప్. "శనివారం బీమా కంపెనీ నుంచి మేడమొస్తది. ఆమె ముంగట గీ కాయితమే నిజమను. గంతే."

యాదయ్యకు సంతకం చేయడం వచ్చు. పేరు రాయడానికి చాలాసేపు పట్టింది. చివరి అక్షరం దగ్గర పెన్ను కాగితంలో దిగబడింది.

శివమ్మ ఇంటికొచ్చి చిరిగిన వల ముందేసుకుని కూర్చుంది. కుట్టు కర్రను వల కన్నంలోంచి దూర్చి, ముడి బిగించి, దారం పంటితో కొరికింది. పది ముడులేశాక అడిగింది.

"మరి ఆ పిలగాడు?"

"నిన్ను లోపటేస్తరంటె నన్నేం జెయ్యమంటవ్?"

"నేనడిగింది గది కాదు."

"తెలుసు" అన్నాడు యాదయ్య. ఆ రోజు అతను చెరువుకు పోలేదు.

*

శుక్రవారం శివమ్మ బస్సెక్కి మేడ్చల్ హైవే మీది ఆసుపత్రికి వెళ్ళింది. చూసి వస్తే మనసు కుదుటపడుతుందనుకుంది. నిజానికి వంశీ లేచి కూర్చుని ఉంటాడనీ, కాళ్ళు ఆడిస్తుంటాడనీ, తనకిక ఏమీ చెప్పాల్సిన పని ఉండదనీ ఆశపడింది. మనిషికి అలాంటి ఆశలే ముందొస్తాయి.

వార్డు బయట బెంచీ మీద వంశీ భార్య ప్రణీత కూర్చుని ఉంది. పుట్టిలోకి లాగినామె అని తెలిశాక లేచి శివమ్మ చేతులు రెండూ పట్టుకుంది.

"మీరే గద అత్తమ్మా నీళ్ళల్లకెల్లి తీసింది! మీ పేరు ఒక్కటే తలుస్తుండు."

శివమ్మకు ఆ చేతులు వెనక్కి తీసుకోవాలనిపించింది. తీసుకోలేక అలాగే నిలబడింది.

"నడుం కాడ ఎముక ఇరిగిందట. కాళ్ళు ఎప్పుడొస్తయో ఇప్పుడే చెప్పలేమంటున్రు డాక్టర్లు" అంది ప్రణీత. తరువాత గొంతు తగ్గించింది. "మేనేజర్ సారొచ్చి, జెండా కంటె ముందే దూకిండని చెప్పిండు. చూసినోళ్ళు రాసిచ్చిన్రట గూడ. పదకొండేండ్ల సంది దూకుతుండు అత్తమ్మా, ఒక్కసారి గట్ల చెయ్యలే. నేను నమ్మలే. గాని ఆయనే గది నమ్ముతుండు."

"ఏందీ?"

"ఆయనకు దూకింది యాదికి లేదు. తలకాయకు తాకింది గద. రాత్రంత 'నేనే తొందరపడ్డనే, నా చేతుల నేనే చేసుకున్ననే' అని ఒకటే ఏడుసుడు. కాళ్ళు పోయినందుకంటె గందుకే ఎక్కువ ఏడుస్తుండు."

శివమ్మ తలుపు సందులోంచి చూసింది. వంశీ కప్పు వైపు చూస్తూ పడుకుని ఉన్నాడు. తెచ్చిన పండ్లు ప్రణీత చేతిలో పెట్టి, లోపలికి పోకుండానే వచ్చేసింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చింది. పక్కనున్నామె ఎవరు పోయారని అడిగింది. ఎవరూ పోలేదని చెప్పింది శివమ్మ. పోయినా ఇంత కష్టంగా ఉండేది కాదేమో. జరిగిన నష్టం ఒకటయితే, దాన్ని అతని నెత్తినే పెట్టి, అతని చేతే ఒప్పిస్తున్నారు. ఆ ఒప్పించే కాగితం కింద తన మొగుడి పేరుంది.

*

శనివారం బీమా మేడమ్‌కు చేపల కూర వండాలని ప్రతాప్ ఇంటి నుంచి చెప్పి పంపారు. శివమ్మ నాలుగు సేర్ల రవ్వు చేపలు తెచ్చింది. యాదయ్య ముందు నడిచాడు, ఆమె బుట్టతో వెనక నడిచింది. బుట్టలో చేపల కింద ఇంకేదో ఎత్తుగా ఉన్నట్టు అతనికి కనిపించింది. అడగలేదు.

ఫామ్‌హౌస్ వెనక కుళాయి దగ్గర కత్తిపీట వేసుకుని కూర్చుంది. వరండాలో మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. బీమా ఆఫీసర్ పేరు లలితకుమారి. యాభై దాటిన మనిషి, మాట నెమ్మది. ఒక్కొక్కరినీ అడుగుతోంది. డైరెక్టరు చెప్పాడు, మేనేజరు చెప్పాడు. అందరి మాటా ఒక్కటే. శివమ్మ చేప తోక పట్టుకుని పొలుసు గీకింది. పొలుసులు ముంజేతుల మీద, చీర మీద ఎగిరి పడుతున్నాయి.

"యాదయ్యగారూ, ఈ సంతకం మీదేనా?"

"నాదే."

"ఇందులో రాసింది మీరు చూసిందేనా?"

శివమ్మ చేతిలో చేప ఆగిపోయింది.

"చెప్పు యాదయ్యా" అన్నాడు ప్రతాప్.

"గదే" అన్నాడు యాదయ్య. ఆ గొంతు అతనిది కాదనిపించింది ఆమెకు.

శివమ్మ లేచింది. బుట్టలో అడుగున ఉన్న తెల్ల డబ్బాను తాడుతో సహా తీసింది. చేతులు కడుక్కోవాలని కూడా తోచలేదు. పోలీసు జీపు కళ్ళ ముందు కదిలింది. అయినా నడిచి వరండాలోకి వచ్చి, డబ్బాను లలితకుమారి ముందు బల్ల మీద పెట్టింది. నీళ్ళు కారి కాగితాల అంచు తడిసింది.

"గుర్తు లేదని రాసిన్రు గదమ్మా. గుర్తు గిది. మూడేండ్ల సంది గుండు మీదనే ఉన్నది. మాదే."

ప్రతాప్ కుర్చీలోంచి సగం లేచాడు. "శివమ్మా, లోపటికి పో."

"ఆమెను చెప్పనివ్వండి" అంది లలితకుమారి. "ఇది అక్కడి నుంచి ఎవరు తీశారు?"

"నేనే ఇప్పిన."

యాదయ్య రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"ఎవరు తీయమన్నారు?"

శివమ్మ విశ్వతేజ వైపు చూడలేదు. చూస్తే చూపుతోనే చెప్పినట్టవుతుంది. ఆ పిల్లవాడు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడని వచ్చేటప్పుడే చూసింది. నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరినవాడు. అతని పేరు చెప్పి తాను బయటపడటానికి ఆమెకు మనసొప్పలేదు.

"ఎవలో ఒకలు అడిగిన్రు. ఇప్పింది మాత్రం నేను. రాయున్నదని చెప్పి ఇప్పిన. కేసైతే నా మీద పెట్టున్రి. గాని ఆ పిలగాడు జెండా దిగినంకనే దూకిండమ్మా. నేను జెండానే చూస్తున్న. జెండా దిగింది, గప్పుడు బండి కదిలింది. ఆయన తప్పు లేదని రాయున్రి. ఆయనకు సుత చెప్పున్రి, దవాఖానల తనను తనే తిట్టుకుంటుండు."

లలితకుమారి తాడు చేతిలోకి తీసుకుని, పొడుగ్గా చాచి చూసింది. "ఈ తాడు రాయి నుంచి నీటి పైదాకానా? ఇంతేనా లోతు?"

"గంతే. ఇప్పుడు రెండు మూరలు మీద జానెడు. నీళ్ళు పెరిగితే తాడు సుత పెంచుతం."

"కంపెనీ లెక్కలో ఇరవై అడుగులుంది."

"గది పొద్దున దూకిన తావు. పగటీలి, ఎండ తిరిగినంక, చెక్కల దారిని ఇటు జరిపిన్రు."

"ఆమె చెప్పేది అబద్ధం" అన్నాడు మేనేజరు. "రాయి గురించి మాకు ఎవరూ చెప్పలేదు."

"చెప్పింది."

ఆ మాట గోడ దగ్గర నుంచి వచ్చింది. విశ్వతేజ పాలిపోయి ఉన్నాడు. "డబ్బా తీయమని అడిగింది నేనే మేడమ్. కింద బండ ఉందని ఆంటీ చెప్పింది. నేను వాకీలో పైకి చెప్పాను. 'నిన్ననే కొలిచాం, లైటు పోతోంది, నోర్మూసుకుని క్లియర్ చెయ్' అన్నారు. వంశీ అన్నకు చెప్తానని ఆంటీకి మాటిచ్చాను. పరిగెత్తాను. నేను పైకి ఎక్కేసరికి జెండా దిగింది."

యాదయ్య తల ఎత్తాడు. మెట్టు మీంచి లేచి వచ్చి, బల్ల మీద తన సంతకం ఉన్న కాగితాన్ని వేలితో తాకాడు.

"అమ్మా, గిది నేను భయానికి చేసిన దస్కత్. ఆమె చెప్పిందే నిజం. ఇంకో కాయితం ఇయ్యున్రి, మళ్ళ చేస్త."

కుళాయి దగ్గర సగం కోసిన చేపల మీద కాకులు వాలాయి. ఆ రోజు ఎవరూ భోజనం చేయలేదు.

*

శివమ్మ రెండుసార్లు పోలీస్ స్టేషన్‌కు పోయి వచ్చింది. ఏడుస్తూ పోయింది, నిమ్మళంగా వచ్చింది. ఆమె మీద కేసు పెట్టలేదు. కంపెనీ అబద్ధం రాయించిందని బీమావాళ్ళు డబ్బు ఇవ్వబోమని చెప్పారు. వాళ్ళు మాత్రం ధర్మం కోసమే బతుకుతున్నారా? కానీ బీమా లేని సినిమాకు అప్పిచ్చేవాళ్ళు వెనక్కి తగ్గారు, కంపెనీ మీద కేసు కోర్టుకు పోయింది, హీరో ఇంకో సినిమాకు వెళ్ళిపోయాడు. వంశీకి కంపెనీ పరిహారం కట్టాల్సి వచ్చింది. ఏడాదిన్నరకు కర్రల సాయంతో నిలబడ్డాడని ప్రణీత ఫోన్ చేసి చెప్పింది. తొందరపడ్డానని ఇప్పుడు ఏడవడట. ప్రతాప్ తన పొలానికి ఇనుప గేటు పెట్టించాడు. శివమ్మ చేపల బుట్ట గట్టు చుట్టూ రెండు కిలోమీటర్లు మోస్తోంది. సొసైటీలో ఇద్దరు ఇప్పటికీ ఆమెతో మాట్లాడరు.

మూడో ఏడు మార్చి నెలలో ఒక రోజు పొద్దున, గట్టు మీద కెమెరా కాళ్ళు పాతుకుని ఒక కుర్రాడు కనిపించాడు. చెవిలో మైకు, చేతిలో ఫోను. శివమ్మ పుట్టి ఒడ్డుకు తెస్తుంటే అతని మాటలు వినిపించాయి.

"మార్తాండ్ సిరీస్‌కు ఇంత పెద్ద బ్రేక్ ఎందుకొచ్చింది? కథ కుదరలేదని కొందరంటారు. హీరోకీ డైరెక్టర్‌కీ చెడిందని ఇంకొందరంటారు. గూఢచారి సినిమాల కాలమే చెల్లిపోయిందనేవాళ్ళూ ఉన్నారు. అసలు కారణాలు అయిదు. ఆఖరి షూటింగ్ జరిగిన ఈ చెరువు గట్టు మీదే..."

మాట మధ్యలో ఆపి ఫోనులో చూసుకున్నాడు. మొహం చిట్లించి చెయ్యి ఊపాడు.

"ఆంటీ! ఆ తెల్ల డబ్బా ఫ్రేములో పడుతోంది. కొంచెం తీస్తారా? పది నిమిషాలే."

శివమ్మ తెడ్డు ఆపి అతన్ని చూసింది. కోపం రాలేదు. వయసు విశ్వతేజంతే ఉంటుంది.

"నేను తియ్య బిడ్డా" అంది. "గా పది నిమిషాలకే ఆగింది మీ సిన్మా."

కుర్రాడికి అర్థమైనట్టు లేదు. కెమెరాను కాస్త కుడికి తిప్పుకున్నాడు. శివమ్మ పుట్టిని గుండు దగ్గరికి పోనిచ్చి, ఎండకు తాడు ఎక్కడైనా చివికిందేమోనని వేళ్ళతో తడిమి చూసుకుంది.